‘నానా’ అని రాసి పంపేవారికి

డిసేబిలిటీ పెన్షన్ అప్పీళ్ల మీద నిర్ణయం రాసే అధికారులకు, మెడికల్ బోర్డుల్లో కూర్చునే డాక్టర్లకు,

నమస్కారం. నేను హవల్దార్ క్లర్క్‌గా రిటైరైనవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఇంగ్లీషులో చాలా టైపు చేశాను. ఈ ఒక్క ఉత్తరం తెలుగులో రాస్తున్నాను, మా వాళ్లు కూడా చదవాలని. మీకు చదివి చెప్పేవాళ్లకేం కొదవ ఉండదు. శ్రీకాకుళం కుర్రాడు లేని పల్టన్ నేనైతే చూడలేదు.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మాకు అటుపక్క పడింది. కూతవేటు దూరంలో పాతపట్నం, అది ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా కలగలుపు, ఆఫీసులో ఒడియా, కొండ దిగి వచ్చేవాళ్లతో నాలుగు సవర ముక్కలు. రిటైరై వచ్చాక పొద్దున్నే ఏడు నుంచి పది దాకా మా ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాను. చుట్టుపక్కల మాజీ సైనికులు, వాళ్ల భార్యలు, తల్లులు కాగితాలు పట్టుకుని వస్తారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లు, మిగతా కాలమంతా మిలిటరీ పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో మర్చిపోయిన పాస్‌వర్డులు, పేరులో అక్షరం తప్పులు. మధ్యలో ఎప్పుడో ఒకటి మీ కవరు.

ఆ కవర్లో ఉండే ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. ‘నైదర్ ఆట్రిబ్యూటబుల్ టు నార్ అగ్రవేటెడ్ బై మిలిటరీ సర్వీస్’. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని. అంత పొడుగు మాట ఎవరు పలుకుతారు? మొదటి అక్షరాలు నాలుగూ కలిపి క్లర్కులం ‘నానా’ అనేవాళ్లం. తెలుగువాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నానా తిప్పలు, నానా అగచాట్లు, చివరికి నానా గడ్డీ కరవడం.

మొన్న వానాకాలంలో కాశీనగర్ అవతల, వంశధార ఒడ్డు పల్లె నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. కొడుకు ర్యాంకు నాయక్, పని డ్రైవర్. పదకొండేళ్లు చేశాక 2021లో ఇన్‌వాలిడ్ చేసి, అంటే జబ్బు వల్ల ఇక సర్వీసుకు పనికిరాడని, పంపేశారు. ఏ పల్టనో, ఏ ఆస్పత్రో, ఏ రికార్డ్ ఆఫీసో ఇక్కడ రాయను. ఒకరిని బజారుకీడ్చడం నా పని కాదు. బట్టల కొట్టు ప్లాస్టిక్ సంచిలోంచి మీ కవరు తీశాడు. లోపలి కాగితం అప్పటికే ఎన్నిసార్లు విప్పి మడిచారో, మడత దగ్గర చిరుగు పట్టింది. పదకొండు లైన్ల ఉత్తరం. విషయం, రిఫరెన్సు నంబర్లు, తేదీలు పోగా అతని గురించి మిగిలింది రెండు లైన్లు. బోర్డు అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాం, జబ్బు పీస్ ఏరియాలో, అంటే ఫీల్డ్ కాని ప్రశాంతమైన చోట, మొదలైంది, నానా, అప్పీలు కొట్టేశాం. ఆ రెండు లైన్ల కోసం రెండేళ్ల నాలుగు నెలలు ఎదురుచూశాడు.

కుర్చీ వేసినా ఆవిడ కూర్చోలేదు. అరుగు అంచున నిలబడే అడిగింది. “ఏటి రాసారన్నియ్యా?”

“ఒప్పుకోలేదమ్మా. జబ్బు మిలిటరీ వల్ల రాలేదంటున్నారు.”

“అదేటి! ఇక్కణ్నించి బాగానే ఎల్లాడు కదా ఆడు?”

ఆవిడకి చదువు రాదు. కానీ అరవై ఏళ్ల పింఛను చట్టం సారం ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది. ఈ పింఛను ఎవరికి రావాలో చెప్పే 1982 ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లో అయిదో రూలు అనేది సరిగ్గా ఇదే. సర్వీసులో చేరినప్పుడు రాసిపెట్టిన లోపాలు తప్ప మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడని అనుకోవాలి. తర్వాత జబ్బుతో బయటికి పంపితే, ఆ చెడు సర్వీసు వల్లే జరిగిందని అనుకోవాలి. తొమ్మిదో రూలు ఇంకో అడుగు వేసింది. రుజువు చేసే భారం జవాను మీద వెయ్యకూడదు, సందేహముంటే ఆ లాభం అతనికే ఇవ్వాలి.

చేర్చుకునేటప్పుడు మమ్మల్ని ఎలా చూస్తారో మీకు తెలియనిది కాదు. మా వైపు సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు పట్టి చూస్తాడు, గిట్టలు చూస్తాడు, పది బారలు నడిపించి చూస్తాడు. మీరు అంతకంటే గట్టివాళ్లు. 1.6 కిలోమీటర్లు పరిగెత్తించారు. ఊపిరి బిగబట్టిస్తే ఛాతీ అయిదు సెంటీమీటర్లు పెరిగిందా లేదా టేపు పెట్టి కొలిచారు. మోకాళ్లు తగులుతున్నాయని, అరికాలు చదునుగా ఉందని, చెవిలో గుబిలి ఉందని కూడా వెనక్కి పంపారు. గుబిలి తీయించుకుని మళ్లీ వచ్చినవాళ్లు నాకు తెలుసు. అలా ఏరి తీసుకెళ్లిన మనిషిని పదకొండేళ్లు దున్నించుకుని, కుంటిపడ్డాక ‘ఇది పుట్టుకతో వచ్చింది’ అంటే సంతలో అయితే పదిమంది అడ్డుపడతారు.

ఈ నాయక్ జబ్బు ఫిట్స్. రెండు చలికాలాలు ఎత్తు మీద బండి నడిపాడు. చక్రాలకి గొలుసులు కట్టుకుని, మంచు మీద, తెల్లారుజాము కాన్వాయ్‌లు. కిందికి, పీస్ స్టేషన్‌కి వచ్చిన మూడో నెలలో, స్నానాల గది ముందు లైన్లో నిలబడి ఉండగా పడిపోయాడు. పక్కనున్నవాళ్లు మన ఊళ్లలో చేసినట్టే ఇనుము పెట్టాలని అతని చేతిలో తాళాలు కుక్కారు. అతని బండి తాళాలే. ఆ తాళాలు పట్టుకోవడం అదే ఆఖరు.

బోర్డు కాగితంలో ఇదంతా ఏమైంది? ‘ఆన్‌సెట్: పీస్ స్టేషన్’. ‘కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్’. ఒంటి తత్వం అన్నమాట. ఫీల్డ్‌లో పడితే జబ్బు మీది, పీస్‌లో పడితే వాడిది. గొలుసు చక్రాల మీద రెండు చలికాలాలు ఎటు పోయాయి అని అడిగే గడి ఆ ఫారంలో ఉన్నా, అందులో రాసింది ‘నో’ అనే ఒక్క అక్షరమ్ముక్క. ఎందుకు ‘నో’ అన్నది లేదు. ఎత్తు మీద పనిచేయడం వల్లే ఫిట్స్ వచ్చాయని నేను డాక్టర్లా తేల్చి చెప్పలేను. కాదని మీరు తేల్చి చెప్పినప్పుడు కారణం రాయాలి కదా అనే నా గొడవ.

ఇది నా సొంత తెలివి కాదు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 జులై 2న సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. అతనిదీ ఫిట్సే, అతన్నీ సర్వీసు మధ్యలోనే ఇంటికి పంపారు, అతనికీ మా నాయక్‌కి లాగే వైకల్యం ఇరవై శాతమే వేశారు. చేరేటప్పుడు రాయని జబ్బును తర్వాత బోర్డు కాదనాలంటే కారణాలు రాయాలి, లేకపోతే జవానుకే అనుకూలంగా తీసుకోవాలి అన్నారు. 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో ఇంకా ముందుకెళ్లి, జబ్బుతో బయటికి పంపేశారంటే వైకల్యం ఇరవై శాతం పైనే ఉందని అనుకోవాలన్నారు. 2025 మేలో మరో జవాను కేసులోనూ మళ్లీ అదే మాట: కారణం రాయని బోర్డు అభిప్రాయాన్ని పట్టుకుని పింఛను ఆపకూడదు. అన్నేళ్లుగా ఒకే పాఠం చెప్పించుకోవడం బడిలో అయితే బెంచీ ఎక్కించే విషయం.

మీలో రూల్స్ తెలిసినవాళ్లు ఇక్కడ నన్ను ఆపుతారు. 1982వి పోయాయి, 2008 వచ్చాయి, వాటిలో మాటలు మార్చారు కదా అని. నిజమే, మార్చారు. కానీ పింఛను హక్కును రుజువు చేయమని హక్కుదారుణ్ణి సాధారణంగా అడగకూడదన్న మాట 2008 రూల్స్‌లోనూ ఉంది. సర్వీసు నుంచి బయటికొచ్చి పదిహేనేళ్లు దాటాక అడిగితే మాత్రం భారం అతనిది. మా నాయక్ పదిహేను నెలలు కూడా ఆగలేదు. ఇక 2023 సెప్టెంబరు 21 నుంచి వచ్చిన కొత్త రూల్స్‌లో, జబ్బుతోనే సర్వీసు పూర్తి చేసినవాడికి ఇచ్చేదాన్ని ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అన్నారు. పేరు మార్చినా, కారణం రాయక్కర్లేదని ఎవరూ అనలేదు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం రాసే అర్హత నాకుండదు. సర్వీసులో ఉండగా ఇలాంటి కాగితాలు నేనూ టైపు చేశాను. కంప్యూటర్లో ఒక నమూనా ఉండేది. నంబరు, ర్యాంకు, పేరు, జబ్బు మార్చితే చాలు, మిగతాదంతా తయారు. ఒకరోజు సాయంత్రం హడావిడిలో పేరు మార్చి జబ్బు మార్చడం మర్చిపోయాను. మోకాలు పోయినవాడికి షుగరు జబ్బు నానా అని వెళ్లింది. పైన ముగ్గురి చేతులు మారింది, సంతకం పడింది, ఎవరి కంటా పడలేదు. ఆ కుర్రాడు ‘నాకు షుగరు లేదు సాబ్’ అని చేత్తో రాసి పంపితే బయటపడింది. సరిచేసిన ఉత్తరం కూడా నేనే టైపు చేశాను. షుగరు తీసి మోకాలు పెట్టాను. కింద కారణం అదే ఉంచాను. షుగరుకీ మోకాలికీ ఒకే కారణం ఎలా సరిపోయిందని అప్పుడు నాకు తట్టలేదు.

మోసగాళ్లు లేరని అనను. వినికిడి పరీక్షలో వినపడినా చెయ్యెత్తనివాణ్ణి నేనూ చూశాను, వాడు బయటికొచ్చి నవ్వాడు కూడా. వాణ్ణి పట్టుకోండి, మళ్లీ పరీక్ష చేయండి. బీపీ, షుగరు పేరు చెప్పుకుని రిటైర్‌మెంటుకు ముందు బోర్డుకు వెళ్లే పెద్దవాళ్లను కూడా గట్టిగానే అడగండి. కానీ ఆ కోపమంతా చివరికి ఎవరి మీద పడుతోందో చూడండి. లాయరు దొరికేవాడు ఎలాగూ గెలుచుకుంటాడు. దొరకనిది కాశీనగర్ అవతలి పల్లెవాడికి.

అప్పీలు అనే మాట మీ దగ్గర ఒక ఫైలు. మా దగ్గర ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. తిరస్కరించిన ఉత్తరం అందాక మొదటి అప్పీలుకు ఆరు నెలలు. అప్పీల్లో ఏం రాయాలన్నా ముందు బోర్డు కాగితాలు కావాలి, ఉత్తరంతో పాటు అవి రావు. సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి అడిగాం. వచ్చిన జెరాక్సులో డాక్టరు చేతిరాత ఉన్న పేజీయే నల్లగా అలికేసి ఉంది. మళ్లీ ఇంకో పోస్టల్ ఆర్డర్. ఈలోగా ఆరు నెలల్లో నాలుగు అయిపోయాయి.

తర్వాత పేర్ల గొడవ. ఇది సరిహద్దు వాళ్లకే తెలుస్తుంది. ఒడియాలో మా ‘వ’ చాలాసార్లు ‘బ’ అయి కూర్చుంటుంది. బడిలో వెంకటరావుగా చేరినవాడు రేషన్ కార్డులో బెంకట రావు అవుతాడు. ఇంటిపేరు మేం ముందు పెట్టుకుంటాం, ఇక్కడి ఫారాల్లో అది వెనక్కి పోతుంది. డిశ్చార్జ్ బుక్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో మరొకటి. మూడు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. మీ ఉత్తరం ఇంగ్లీషు, హిందీల్లో వస్తుంది. ఇక్కడి ఆఫీసు నుంచి వచ్చేది ఒడియాలో. అందుకోవలసిన మనిషికి వచ్చింది తెలుగు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. సవరల మాటకి కూడా పుస్తకాలు రాసిపెట్టిన మనిషి. ఆ ఊళ్లో ఒక తల్లికి తన కొడుకు మీద ఏం రాశారో చెప్పడానికి నాలాంటివాడు ఒకడు అరుగు మీద కూర్చోవలసి వస్తోంది.

మొదటి అప్పీలు పోతే రెండో అప్పీలు, మళ్లీ ఆరు నెలల గడువు. అదీ పోతే ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ మంచి పనే చేస్తోంది, ఆ మాట కాదనను. కానీ ఒడిశావాళ్లం కోల్‌కతా బెంచికి పోవాలి. ఇక్కణ్నించి బస్సులో పలాస, అక్కణ్నించి రాత్రంతా రైలు. ఫిట్స్ ఉన్నవాణ్ణి ఒక్కణ్ణీ పంపలేం, రెండు టికెట్లు. పొద్దున్నే దిగాక లాడ్జి, లాయరు, వాయిదా. రోడ్డుకి అటుపక్క పాతపట్నంవాడైతే చెన్నై బెంచి. చెన్నై ఇంకా దూరమే, కాకపోతే అక్కడ తెలుగు మాట్లాడే లాయరు దొరుకుతాడని మా వాళ్లకో ఆశ. ఈ గీత ఇటు పడిందా అటు పడిందా అన్నదాన్ని బట్టి మనిషి ఖర్చు మారిపోతుంది.

అన్నీ పడి గెలిచాడనుకోండి. ఆలస్యంగా వచ్చినవాడికి సాధారణంగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ల బకాయిలే ఇస్తారు. 2008లో తర్‌సేమ్ సింగ్ కేసు నుంచి అదే లెక్క. దారి తెలియక ఇంట్లో కూర్చున్న ఏళ్ల డబ్బు అంతే సంగతులు. మా వైపు పదేళ్లు, పదిహేనేళ్లు కూర్చున్నవాళ్లు ఉన్నారు. ‘నానా’ అంటే పైవాళ్లు తేల్చేశారని, ఇక అడగకూడదని వాళ్లు అనుకున్నారు. అప్పీలు చేసుకునే హక్కుందన్న వాక్యం ఉత్తరం అడుగున ఉంటుంది, ఇంగ్లీషులో.

ఇంతా చేసి ఎంత కోసం? మనిషికి ఇన్‌వాలిడ్ పెన్షన్ వస్తోంది కాబట్టి పూట గడుస్తోంది. ఆగిపోయింది డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే పింఛనులో వైకల్యానికిచ్చే భాగం. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఇన్‌వాలిడ్ అయినవాడికి ఇరవై శాతాన్ని యాభైకి లెక్క కడతారు. అంటే జీతంలో 15 శాతం. లెక్క కోసం జీతం నలభై వేలనుకుంటే నెలకి ఆరు వేలు, పైన డీఏ. మీ ఊళ్లో ఆరు వేలు ఏపాటో నాకు తెలీదు. ఇతనికి డ్రైవింగ్ తప్ప వేరే పని రాదు. ఫిట్స్ ఉన్నవాడికి లైసెన్సు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. సెక్యూరిటీ గార్డుగా పెట్టుకున్నవాళ్లు సంగతి తెలిశాక రెండో నెలలో మాన్పించారు. ఇప్పుడు అన్న కిరాణా కొట్లో పొట్లాలు కడుతున్నాడు. మా అరుగు మీద కూర్చున్నప్పుడు చూశాను, మాట్లాడుతూనే మీ కవరుని నాలుగు మూలలా మడిచి పొట్లం చేస్తున్నాడు. తల్లి చేతి మీద కొడితే విప్పాడు.

“బాబాయ్, మళ్లీ రాద్దామా, వదిలేద్దామా?” అన్నాడు.

రాద్దామన్నాను. అందుకే మీకు ఈ ఉత్తరం కూడా రాస్తున్నాను. నేను అడిగేవి పెద్దవి కావు, వీటికి పార్లమెంటులో బిల్లు పెట్టక్కర్లేదు. అప్పీలు కొట్టేస్తే కొట్టేయండి, కానీ ఆ మనిషి ఎక్కడెక్కడ పనిచేశాడో చూశామని, ఫలానా కారణం వల్ల సర్వీసుకు సంబంధం లేదంటున్నామని ఆ మనిషికి సరిపోయే నాలుగు వాక్యాలు రాయండి. ఇంకొకడికి పేరు మార్చి పంపడానికి వీల్లేని నాలుగు వాక్యాలు. ఉత్తరంతో పాటే బోర్డు కాగితాలు చదవగలిగే జెరాక్సు పెట్టండి. గడువు ఆ కాగితాలు అందిన రోజు నుంచి లెక్కపెట్టండి. అప్పీలు హక్కు గురించిన ఆ ఒక్క పేరా అతని ఇంటి భాషలో అచ్చు వేయించండి. ఒడిశా చిరునామా ఉన్న ప్రతివాడూ ఒడియావాడు కాడు, సిరోంచలో, ధర్మాబాద్‌లో మహారాష్ట్ర చిరునామా ఉన్న తెలుగువాళ్ల సంగతీ అంతే.

ఇంకొకటి, ఇది మీ పైవాళ్లకి. ట్రిబ్యునల్లో జవాను గెలిచాక, తేలిపోయిన విషయం మీదే మళ్లీ సుప్రీం కోర్టు దాకా లాగకండి. 2024 డిసెంబరులో ఒక జవాను భార్యను కుటుంబ పింఛను కోసం అంతదూరం ఈడ్చినందుకు కోర్టు కేంద్రానికి 50,000 రూపాయల ఖర్చులు వేసింది. ఆ యాభై వేలూ ఎవరి జేబులోంచి పోయాయో మనందరికీ తెలుసు.

నాయక్ రెండో అప్పీలు పోయిన సోమవారం స్పీడ్ పోస్టులో వేశాం. రసీదు నా ట్రంకు పెట్టెలో ఉంది. మూడో పేజీలో గొలుసు చక్రాల రెండు చలికాలాలూ తేదీలతో రాశాను, తీర్పుల తేదీలు కింద పెట్టాను. అన్నిటికంటే ముందు, మొదటి పేరాలో, వాళ్లమ్మ అడిగిన ప్రశ్ననే ఇంగ్లీషులో పెట్టాను. ముందు దానికి జవాబు రాయండి.

కవరు మీద అతని పేరు ‘వి’తో మొదలుపెట్టండి, ‘బి’తో కాదు. పోయినసారి ఆ పేరుగలవాడు ఊళ్లో లేడని కవరు పదకొండు రోజులు పోస్టులోనే ఉండిపోయింది. ఆ పదకొండు రోజులూ కూడా ఆరు నెలల్లో కలిపే లెక్కపెట్టారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దార్ క్లర్క్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా